వదిన కారు వెనక బ్రేకులు

మూడు నట్లు వదులయ్యాయి, నాలుగోది రానంటోంది. రాకపోతే మానెయ్, నాకేం తొందర, అని దానితో పైకే అన్నాను, కాని తొందరుంది, ఇప్పుడు రెండూ పది, ఐదింటికి ఆయన ఫోన్ చేస్తాడు, ఆలోగా నేను వదినకి ఒక మాట చెప్పాలి. పానా పిడికి ఇనప గొట్టం తొడిగి, గోడ పట్టుకుని, గొట్టం మీద కాలు పెట్టి నా బరువంతా వేశాను. డెబ్బై రెండు కిలోలు. ఇంట్లో నన్ను బుల్లీ అంటారు. నలభై ఒకటో ఏడు నడుస్తున్నా బుల్లినే, వాషింగ్ మెషీన్‌ని ఒక్కదాన్నే రెండంతస్తులు ఎక్కించగలిగినా బుల్లినే. నట్టు కిర్రుమని ఒక పావు చుట్టు తిరిగింది, దానితోపాటు నా మోకాలూ కిర్రుమంది. వారంలో ఆరు రోజులు ఊళ్లోవాళ్ల ఇళ్లల్లో, వాళ్ల వాషింగ్ మెషీన్ల ముందు మోకాళ్ల మీద కూర్చోవడం నా ఉద్యోగం. ఏడో రోజు మంచం దిగకుండా పడుకోవాలని ప్రతి వారం సోమవారం నుంచే కలలు కంటాను, చూస్తే ఇదిగో, ఏడో రోజు కారు ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. ఒళ్లు హూనమైపోయింది. ఇంకా జాకీ కూడా ఎత్తలేదు.

పొద్దున మెట్ల మీద అడిగింది వదిన. ఆరిన బట్టల బుట్ట చంకన పెట్టుకుని నేను మేడ మీంచి దిగుతుంటే, తను ఎదురొచ్చి, దారి ఇవ్వకుండా అక్కడే ఆగింది. మా అన్నయ్య పోయి మూడేళ్లు దాటింది. ఆఫీసు కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు, నలభై ఆరేళ్లకి, టేబుల్ మీద సగం రాసిన కాగితం సగంలోనే ఉంది. వదిన పుట్టింటికీ పోలేదు, వేరే ఇల్లూ చూసుకోలేదు, ఈ మూడేళ్లూ అమ్మతో, నాతో, ఈ మూడు గదుల్లో ఉంది. "నేను పెళ్లి చేసుకుందామనుకుంటున్నాను బుల్లీ," అంది, మెట్టు వైపు చూస్తూ. ఎవరిని అని నేనడగలేదు, అడగక్కర్లేదు. "అత్తయ్యకి నేను చెప్పలేను, నువ్వు చెప్పాలి. నువ్వు వద్దంటే అసలు మానేస్తాను. మాటవరసకి అనడం లేదు, నిజంగానే మానేస్తాను. ఏదో ఒకటి సాయంత్రంలోగా చెప్పు, ఆయన ఐదింటికి ఫోన్ చేస్తాడు." అంత మాట విని నేనేమన్నాను? "ఇవాళ నీ బ్రేకులు మార్చేస్తాను వదినా," అన్నాను. ఒక మనిషి తన బతుకు గురించి అడిగితే నేను కారు గురించి చెప్పాను. వదిన సరే అని పక్కకి తప్పుకుంది, నేను బుట్ట పట్టుకుని దిగిపోయాను.

జాకీ ఎక్కడ పెట్టాలో కారు కింద ఒక గాటు ఉంటుంది, దాన్ని వేలితో తడిమి వెతకాలి. ఎత్తాక కింద దిమ్మ పెట్టు, దిమ్మ పెట్టినా నమ్మకు, ఊడదీసిన చక్రాన్ని కూడా కారు కిందికి తోసెయ్, ఏదన్నా జారితే కారు నీ మీద కాకుండా చక్రం మీద పడుతుంది, అని అన్నయ్య చెప్పేవాడు. చెప్పేవాడంటే నెమ్మదిగా చెప్పేవాడని కాదు. అన్నయ్య కారు కింద దూరితే టార్చి పట్టుకోవడం నా డ్యూటీ, ఆ టార్చి జీవితంలో ఒక్కసారి కూడా ఆయనకి నచ్చినట్టు పట్టుకోలేదు. వెలుతురు బోల్టు మీదనా నా మొహం మీదనా, చూసేది నువ్వా నేనా, అని అరిచేవాడు. ఈ కారు ఆయన కొన్నప్పటికే పాతది, ఇప్పుడు దానికి పదిహేడేళ్లు, పెంచుకున్న జంతువులా దాని అలవాట్లన్నీ మా ఇంట్లో అందరికీ తెలుసు. వానొస్తే ఎడమ అద్దం దిగదు. ఎండాకాలంలో హారన్ దానంతటదే మోగుతుంది. అన్నయ్య పోయాక దీన్ని అమ్మేద్దామని నేనంటే వదిన వద్దంది, తనే డ్రైవింగ్ నేర్చుకుంది, నలభై నాలుగేళ్ల వయసులో, ఎర్ర ఎల్ బోర్డు తగిలించుకుని. ఇప్పుడు వారానికి మూడు రోజులు కొండ దాటి అవతలి ఊళ్లోని చెవిటి పిల్లల బడికి వెళ్లి పాఠాలు చెప్పి వస్తుంది. పోను గంటన్నర, రాను గంటన్నర, అందులో సగం మలుపుల దిగుడు.

చక్రం ఊడింది. తోసేశాను కిందికి. ఇప్పుడు కనిపిస్తోంది డిస్కు, పళ్లెమంత ఇనప బిళ్ల, దాన్ని రెండు పక్కల నుంచీ కరిచిపట్టుకున్న ఇనప దవడ. కాలితో బ్రేకు నొక్కితే ఆ దవడ లోపలున్న ప్యాడ్లు డిస్కుని నొక్కుతాయి, బండి ఆగుతుంది, అంతే, ఇందులో బ్రహ్మవిద్యేం లేదు. దవడని పట్టి ఉంచే బోల్టులు రెండు. పైది తేలిగ్గా వచ్చింది. కిందది కొంచెం బెట్టు చేసి వచ్చింది. ఇప్పుడు దవడ ఊడి చేతిలోకి రావాలి, రాలేదు. లాగాను. అటూ ఇటూ ఊపాను. తుప్పు వదిలించే నూనె కొట్టి, అది నానేదాకా గోడకి చేరబడి కూర్చున్నాను, కూర్చోగానే కళ్లు మూతలు పడ్డాయి, కళ్లు మూసుకుంటే కళ్లజోళ్లాయన వచ్చి నిలబడ్డాడు.

కళ్లజోళ్లాయనది వదిన బడి ఉన్న వీధిలోనే షాపు. అమ్మకి కొత్త కళ్లద్దాలు అక్కడే చేయించింది వదిన, అవి చెవుల వెనక ఒరుసుకుంటున్నాయని అమ్మ గొడవ చేస్తే, ఇటేపు వచ్చే పనుందని చెప్పి ఒకసారి ఇంటికొచ్చాడు. యాభై ఏళ్లుంటాయి, పొడుగ్గా, కొంచెం ముందుకి వంగి. వచ్చి కూర్చోలేదు, ముందు చేతులు కడుక్కున్నాడు. గిన్నెలో వేడి నీళ్లడిగి, కళ్లద్దాల కాళ్లు అందులో ముంచి మెత్తబడ్డాక వంచి, అమ్మ చెవి వెనక్కి సర్ది, నొప్పిగా ఉందా అమ్మా అని అడిగి, మళ్లీ ముంచి, మళ్లీ సర్ది, అలా అరగంట. ఆయన వెళ్లాక అమ్మ, మనిషి నిదానస్తుడు, అంది. నేను మాత్రం గుమ్మం దగ్గర నిలబడి ఆ అరగంటా వంకలు వెతికాను. జోక్ వేస్తే ఒక క్షణం ఆలస్యంగా నవ్వుతాడు. చెప్పుల్లో మేజోళ్లు వేసుకుంటాడు. ఇంతకు మించి ఏమీ దొరకలేదు. ఎప్పుడో భార్య పోయిందట, పిల్లలు లేరట, ఇవన్నీ వదిన ఒకేసారి చెప్పలేదు, వారానికి ఒక ముక్క చొప్పున, వేరే ఏదో మాట మధ్యలో చెప్పింది. నేనూ ఆ ముక్కలు ఒకదాని పక్కన ఒకటి పెట్టుకోకుండా జాగ్రత్తపడ్డాను. ఒకసారి మాత్రం, ఆయనకి వేరే కస్టమర్లు ఉండరా ఏంటి, అన్నాను. వదిన నవ్వేసింది, ఆ సంగతి అంతటితో పోయింది.

లేచి సుత్తి తీసుకున్నాను. దవడ మీద చెక్క ముక్క పెట్టి కొట్టాను, మెల్లగా, తర్వాత గట్టిగా, తర్వాత కసిగా. ఇనుము మోత షెడ్డంతా మారుమోగింది, పైనుంచి అమ్మ బాల్కనీలోకి వచ్చి, అయిందా అని అడిగింది, ఇంకా లేదమ్మా అన్నాను. ఎవర్ని కొడుతున్నానో నాకు తెలుస్తూనే ఉంది. వదిన్ని కాదు, కళ్లజోళ్లాయన్నీ కాదు, ఎవరో ఒకర్ని. మా అన్నయ్య ఇల్లు ఇది, అన్నయ్య కారు ఇది, అన్నయ్య మంచం మీద ఆవిడ మూడేళ్లుగా పడుకుంటోంది, ఇప్పుడు వేరే ఊళ్లో వేరే మంచం, అన్నయ్యని మేమే మర్చిపోతే ఇంకెవరు గుర్తుపెట్టుకుంటారు, వద్దంటాను, సాయంత్రం ముఖం మీదే వద్దంటాను, ఆవిడే అడిగింది కదా. ఒక్కో దెబ్బకి ఒక్కో మాట. ఇరవై నిమిషాలు కొట్టాను. భుజం పీకేసింది, తల ప్రాణం తోకకొచ్చింది, దవడ మాత్రం వెంట్రుకవాసి కదల్లేదు.

అప్పుడు దవడ వెనక ఉన్న తీగ కనిపించింది. సన్నటి ఇనప తీగ, కారు కింద నుంచి వచ్చి దవడకి తగులుకుని ఉంటుంది, వీణ తీగంత బిగుసుకుని ఉంది. దాన్ని చూడగానే నాకు సిగ్గేసింది. హ్యాండ్ బ్రేకు. వెనక చక్రాల మీద చెయ్యి వేసే ముందు హ్యాండ్ బ్రేకు దించాలని చిన్నపిల్లకి కూడా తెలుసు, దించకపోతే ప్యాడ్లు డిస్కుని వదలవు, దేవుడొచ్చి లాగినా వదలవు. పైగా ముందు చక్రాలకి ఇటికలు పెట్టానా, గేరులో వేశానా అని రెండుసార్లు చూసుకున్నదాన్ని, దీన్ని చూడలేదు, ఎందుకంటే మా షెడ్డులో హ్యాండ్ బ్రేకు ఎవరూ వెయ్యరు. తేమకి ప్యాడ్లు పట్టేస్తాయని అన్నయ్య పెట్టిన రూలు అది, ఇటిక పెట్టు, గేరులో వదిలెయ్, హ్యాండ్ బ్రేకు ముట్టుకోకు. తలుపు తీసి చూశాను. పిడి నిట్టనిలువుగా, చివరి పన్ను దాకా లాగి ఉంది. రెండు చేతులతో లాగితే తప్ప అంత పైకి రాదు.

డ్రైవర్ సీట్లో కూర్చుండిపోయాను. వదిన ఎలా లాగుతుందో నాకు తెలుసు, ఒకసారి చూశాను. షెడ్డులోకి వచ్చి, ఇంజను ఆపి, స్టీరింగు మీద తల ఆనించి కొంచెంసేపు ఉండి, తర్వాత రెండు చేతులతో, పళ్లు బిగించి, లాగింది. ఇక్కడ నేల చదునుగా ఉంది వదినా, గోళీ పెట్టినా దొర్లదు, అంటే, తెలుసమ్మా, ఉండనీ, అంది. అన్నయ్య పోయినప్పట్నుంచీ అలాగే ఉంది ఆవిడ. గ్యాస్ కట్టేసి మళ్లీ వెళ్లి చూస్తుంది. తాళం వేసి మళ్లీ లాగి చూస్తుంది. ఏదీ దానంతటది ఉంటుందని నమ్మదు. పక్కనే ఉన్న మనిషి పొద్దున టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్లి సాయంత్రానికి లేకుండా పోతే ఎవరు మాత్రం నమ్ముతారు. నేను అన్నయ్య రూలు పట్టుకుని కూర్చున్నాను, ఆవిడ భయం నాకు గుర్తే రాలేదు. కోపం వచ్చింది, కోపం వెంట నవ్వొచ్చింది, పిడి దించాను. వెళ్లి ఒక్క చేత్తో పడితే దవడ చేతిలోకి వచ్చేసింది.

దాన్ని తీగముక్కతో స్ప్రింగుకి వేలాడదీశాను, బ్రేకు నూనె వచ్చే రబ్బరు గొట్టం మీద బరువు పడకూడదు. ప్యాడ్లు బయటికి తీసి వెలుతురులో పెట్టి చూశాను. లోపలి ప్యాడు మీద మందం అనేదే లేదు, పూర్తిగా అరిగిపోయి, వెనకున్న ఇనప రేకు డిస్కుని గీరుతోంది. డిస్కు మీద వేలు పెడితే గోరు దిగేంత చాళ్లు. దీంతోనా వదిన కొండ దిగుతోంది? దీంతోనే. రెండు నెలలుగా. వెనక నుంచి గీరినట్టు చప్పుడొస్తోంది బుల్లీ, కొంచెం చూస్తావా, అని రెండు నెలల కిందట నన్నడిగింది. వచ్చే ఆదివారం అన్నాను. తర్వాతి ఆదివారం నడుము పట్టేసిందన్నాను. ఆ తర్వాతి ఆదివారం ఎవరిదో మెషీన్ డ్రమ్ము బేరింగు అర్జెంటని వెళ్లిపోయాను. కొత్త డిస్కులు, ప్యాడ్లు అట్టపెట్టెలో నా మంచం కిందే ఉన్నాయి, ఆరు వారాలుగా, రాత్రి పడుకునేటప్పుడు కాలికి తగులుతూ. పోనీ బస్సులో వెళ్లు అని కూడా అన్నాను. వెళ్లింది పాపం, రెండు బస్సులు మారి, రాను పోను ఐదు గంటలు, మూడు వారాలు అలా తిరిగి ఇక ఓపిక లేక మళ్లీ కారు తీసింది. బస్సులో వెళ్లిన రోజుల్లో బడి అవగానే పరుగెత్తాలి, లేకపోతే బస్సు దొరకదు, కళ్లజోళ్ల షాపులో ఐదు నిమిషాలు కూడా కూర్చోవడానికి ఉండదు. ఆ సంగతి నాకు అప్పుడు తెలుసా? తెలుసనే అనుకుంటాను. అలసట అన్నాను, అలసట నిజమే, నా ఒంట్లో అలసట లేని చోటు లేదు, కాని ఆ అలసటతోనే పక్కవీధి వాళ్ల మెషీన్ మాత్రం ఆదివారం పూట ఊడదీసి బిగించి వచ్చాను. కొండ మీద ఏదన్నా అయ్యుంటే? ఆ ఆలోచన రాగానే లేచి వెళ్లి కుళాయి కింద తల పెట్టాను. నీళ్లు చల్లగా లేవు, అయినా తలలో మంట కొంచెం తగ్గింది.

పాత డిస్కుని పట్టిన చిన్న స్క్రూ తుప్పుతో కలిసిపోయింది, స్క్రూడ్రైవర్ పెట్టి సుత్తితో నాలుగు పోట్లు పొడిస్తే వదిలింది. వెనకున్న తుప్పు తీగబ్రష్‌తో గీకాను, ఆ పొడి ముక్కులోకి పోయి పది తుమ్ములు. కొత్త డిస్కు మీద నూనె పూత ఉంటుంది, దాన్ని స్పిరిట్ గుడ్డతో తుడవకుండా బిగిస్తే బ్రేకు జారుతుంది. రెండు వైపులా తుడిచాను, వేలిముద్రలు పడ్డాయని మళ్లీ తుడిచాను. కొత్త డిస్కులో నా మొహం మసకగా కనిపిస్తోంది, ముక్కు మీద మసితో సహా. ఇక మిగిలింది పిస్టన్, ప్యాడ్లని తోసే ముక్క. కొత్త ప్యాడ్లు మందంగా ఉంటాయి కాబట్టి దవడలోని పిస్టన్‌ని వెనక్కి పంపితే గాని అవి పట్టవు. ముందు చక్రాలవి నొక్కితే పోతాయి, వెనకవి నొక్కితే పోవు, తిప్పాలి, తిప్పుతూ నొక్కాలి. ఈ సంగతి అన్నయ్య ఎలా తెలుసుకున్నాడో నాకు తెలుసు. మొదటిసారి క్లాంపు పెట్టి బలవంతంగా నొక్కి, లోపలి మర విరగ్గొట్టి, షాపువాడు డొక్కు సరుకు అంటగట్టాడని వదినకి చెప్పాడు. టార్చి పట్టుకున్న నాకు కన్నుకొట్టాడు. ఆ అబద్ధానికి ఇన్నేళ్లూ కాపలా కాశాను. అన్నయ్య దేవుడేం కాదు. కోపం వస్తే మూడేసి రోజులు మాట్లాడేవాడు కాదు, వదిన కంచం పెట్టి పిలిచి పిలిచి ఊరుకునేది, పక్క గదిలో నేను వింటూ పడుకునేదాన్ని. పోయాక మేమందరం కలిసి ఆయన్ని దేవుణ్ని చేశాం. పూజారిని నేను.

ముక్కుపటకారు మొనలు పిస్టన్ గాట్లలో పెట్టి తిప్పుతున్నాను. కొంచెం తిరగడం, జారడం, మళ్లీ పెట్టడం. దీనికి బలం పనికిరాదు, ఓపిక కావాలి, ఈ పూట నాకు లేనిదదే. సాయంత్రం ఏడింటికి ఇంటికొస్తాను రోజూ. బూట్లు విప్పి ఆ కింది మెట్టు మీదే కూలబడతాను, పైకెక్కే శక్తి ఉండదు. వదిన టీ పట్టుకుని దిగొచ్చి పక్కన కూర్చుంటుంది. ఇవాళ ఏం దొరికాయి, అని అడుగుతుంది. మెషీన్ ఫిల్టర్లలో దొరికినవన్నీ చెప్తాను, పిల్లల పాల పన్ను, ఒంటి చెవి కమ్మ, మొగుడి జేబులో ఎవరిదో ఉత్తరం నీళ్లకి ముద్దయిపోయి ఉంటే ఆ ఇంటావిడ దాన్ని కిటికీ అద్దం మీద ఆరబెట్టడం. వదిన నవ్వుతుంది, చెవిటి పిల్లలు తనకి పెట్టిన పేరు చేతుల్తో చేసి చూపిస్తుంది, ముక్కు మీద వేలితో రెండుసార్లు తడితే వదిన అని అర్థం. అరగంట. అంతే. తర్వాత పైకెళ్లి అమ్మ మందులు, గిన్నెలు, పడక. అంత రోజులో ఒక మనిషి నన్ను మనిషిగా చూసి మాట్లాడించే సమయం ఆ అరగంటే. నేను ఇంటికి వచ్చేదే దానికోసం.

చెయ్యి ఆగిపోయింది. అదన్నమాట సంగతి. ఇందులో అన్నయ్యా లేడు, అన్నయ్య మంచమూ లేదు. నాకు భయంగా ఉంది. వదిన వెళ్లిపోతే నేను ఒంటరిదాన్నయిపోతానని భయంగా ఉంది. పెళ్లి అనే మాట నా వరకూ రానేలేదు, వచ్చిన ఒకటి రెండు సంబంధాలూ ఎటో పోయాయి, దాని గురించి నేనేమీ పెద్దగా బాధపడిందీ లేదు, ఎందుకంటే ఇల్లు నిండుగా ఉండేది. ఇప్పుడు నేను వద్దంటే వదిన నిజంగానే మానేస్తుంది, ఆవిడ మాటంటే మాటే. ఐదింటికి ఫోన్‌లో ఆయనకి ఏదో చెప్తుంది, రేపు ఏడింటికి మామూలుగా టీ పట్టుకుని దిగొస్తుంది, ఏం దొరికాయి ఇవాళ అని అడుగుతుంది, నా మీద కోపం కూడా పెట్టుకోదు. ఆ టీ నేను తాగగలనా? తాగలేనని చెప్పడానికి నోరు రావడం లేదు. తాగేస్తానేమో. మనిషికి అలవాటు కానిదేముంది, ఒక వారం ఇబ్బందిగా ఉంటుంది, తర్వాత తాగేస్తాను. దానికే ఎక్కువ భయమేసింది నాకు.

పిస్టన్ లోపలికి దిగింది. ప్యాడ్లు పెట్టి, దవడ ఎక్కించి, బోల్టులు బిగించి, చక్రం తగిలించి, జాకీ దించేసరికి మూడున్నర. రెండోవైపు అరగంట పట్టింది, అరగంటంటే అరగంటే, ఎక్కడా ఆగలేదు, చేతులకి దారి తెలిసిపోయింది, బుర్ర కూడా నోరుమూసుకుంది. ఆ కాసేపే ఇవాళ నాకు విశ్రాంతి. చివర్లో సీట్లో కూర్చుని బ్రేకు నొక్కితే పెడలు సాఫీగా నేలకి తగిలింది. మొదటిసారి అలాగే ఉంటుంది, ప్యాడ్లు ఇంకా డిస్కు దగ్గరికి జరగలేదు, అందుకే బండి కదపక ముందే నొక్కుతూ ఉండాలి. రెండు, మూడు, నాలుగు, ఐదోసారికి కొంచెం ఎదురు తన్నింది, ఎనిమిదోసారికి రాయిలా నిలబడింది. హారన్ కొట్టాను. వదిన దిగొచ్చింది, జడ వేసుకుని, చీర మార్చుకుని, మొహంలో నెత్తురు లేకుండా.

నువ్వే నడుపు అని నేను పక్క సీట్లోకి జరిగాను. కొత్త బ్రేకుల్ని మచ్చిక చేసుకోవాలి, వీధి చివరిదాకా వెళ్తూ మెల్లగా నొక్కి వదలాలి, పదిసార్లు, ఒక్కసారిగా తొక్కకూడదు. వదిన వింటూ తలూపింది. ఎదురుగా మూసిన షాపులు, ఆదివారం వీధి ఖాళీగా ఉంది. నొక్కింది, వదిలింది. నొక్కింది, వదిలింది. చప్పుడు పోయింది అంది మూడోసారికి. ఆరోసారికి మళ్లీ అంది, ఇంకేమనాలో తెలియక. పాత ప్యాడ్లు ఎలా ఉన్నాయో చూపించాలా వద్దా అనుకున్నాను, రెండు నెలలు కావాలనే చెయ్యలేదని చెప్పాలా వద్దా అనుకున్నాను. తొమ్మిదోసారి నొక్కుతుంటే నోట్లోంచి వచ్చేసింది.

"చేసుకో వదినా."

వదిన పాదం పూర్తిగా దిగింది. కారు వీధి మధ్యలో, ఏమాత్రం పక్కకి లాగకుండా, నిలబడిపోయింది. "మనస్ఫూర్తిగానే అంటున్నావా?" అంది, అద్దంలోంచి ముందుకే చూస్తూ.

"లేదు," అన్నాను. "నువ్వెళ్లిపోతే నాకు బావుండదు. అన్నయ్య కోసం కాదు, నా కోసమే వద్దందామనుకున్నాను. రెండు నెలల నుంచీ ఈ బ్రేకులు చెయ్యనిది కూడా అందుకే. అలా చెయ్యకూడదు. నీకేమన్నా అయ్యుంటే నేనేమైపోయేదాన్నో. నువ్వు చేసుకో, నా సంగతి నేను చూసుకుంటాను. అమ్మకి నేను చెప్తాను."

వదిన నా వైపు తిరిగి, నా చెయ్యి తీసుకోబోయి, మసి చూసి, అయినా తీసుకుంది. "నువ్వు కావాలనే చెయ్యట్లేదని నాకు తెలుసు బుల్లీ," అంది. "గట్టిగా అడిగితే వెంటనే చేసేస్తావు. చేసేస్తే నేను వెళ్లిపోవాలి, ఆగడానికి నాకూ వంక ఉండదు. అందుకే నేనూ గట్టిగా అడగలేదు." వెనక ఎవరో సైకిలు బెల్లు కొట్టారు. వదిన కళ్లు తుడుచుకుని గేరు మార్చింది, పదోసారి మెల్లగా నొక్కి వదిలి, ఇంటివైపు తిప్పింది.

నేను చేతులు కడుక్కోకుండానే మెట్లెక్కాను. కడుక్కోవడం మొదలుపెడితే సబ్బు కావాలి, తువ్వాలు కావాలి, ధైర్యం జారిపోతుంది. అమ్మ బాల్కనీలో కుర్చీలో పేపరు చూస్తోంది. అయిందా అంది. అయిందన్నాను. మెట్లు ఎక్కుతున్నంతసేపూ అమ్మ ఏమంటుందో ఒక్కొక్కటే ఊహించుకుంటూ వచ్చాను, నా కొడుకుంటే అంటుంది, మూడేళ్లకే మర్చిపోయిందా అంటుంది, నీకు బుద్ధి ఉందా ఒప్పుకోడానికి అంటుంది, అన్నింటికీ జవాబులు వరసగా పెట్టుకున్నాను. నిలబడే చెప్పాను. వదిన పెళ్లి చేసుకుంటోందమ్మా, ఆ కళ్లజోళ్లాయన్ని. నన్నడిగింది. నేను సరేనన్నాను.

అమ్మ పేపరు మడిచింది. మళ్లీ మడిచింది, ఇంక మడవడానికి లేనంత చిన్నగా. ఇదిగో మొదలవుతుంది అనుకున్నాను. అమ్మ గది లోపలికి కాదు, వీధిలోకి కాదు, నన్నే చూసింది, జుట్టు నుంచి మోచేతుల మసి దాకా, మోకాళ్ల మీద నలిగిన గుడ్డ దాకా, ఎన్నాళ్లకో చూసినట్టు.

"మరి నీకెవరే?" అంది.

నాకేంటమ్మా, నేను బానే ఉన్నాను, అని అనబోయాను, రోజూ అనే మాటే.

"నాకెవరూ లేరమ్మా," అన్నాను.

పైకి అలా అనడం అదే మొదటిసారి. అమ్మ కళ్లద్దాలు తీసి కిటికీలో పెట్టి, కుర్చీ చేతుల మీద బరువేసి, లేవలేక లేవలేక లేచి నా దగ్గరికి వచ్చింది.